వర్షఋతువు కోసం ఆగిన గూడ్సు బండి

మా రైల్వేలో ఋతువులు ఆకాశం నుంచి రావు. డివిజన్ ఆఫీసు నుంచి వస్తాయి. ఫలానా తేదీ నుంచి వానాకాలం అని కాగితం రాగానే, ఎండ పెళపెళలాడుతున్నా సరే, గస్తీ తిరిగే పెట్రోల్‌మన్ గొడుగు చంకన పెట్టుకుని పట్టాల వెంబడి వరద కోసం వెతుక్కుంటూ పోవాలి. ఫలానా తేదీతో వానాకాలం ముగిసింది అని ఇంకో కాగితం రాగానే, మోకాల్లోతు నీళ్ళలో నిలబడి ఉన్నా గొడుగు స్టోర్సుకు అప్పజెప్పాలి. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నాకు ఇందులో తప్పేమీ కనబడలేదు. ప్రకృతి ఎప్పుడేం చేస్తుందో ఎవరు చెప్పగలరు? కాగితం అయితే సంతకంతో వస్తుంది.

నా పేరు పూర్ణానందం. రేగులపాడు రోడ్ స్టేషన్‌కు మాస్టర్ని. స్టేషన్ పేరులో 'రోడ్' అని ఉందంటే ఊరు అక్కడ లేదని అర్థం. రేగులపాడు వెళ్ళాలంటే ఇంకో నాలుగు మైళ్ళు పోవాలి. రోజుకు రెండు పాసింజర్లు ఆగుతాయి, మిగతావన్నీ మా వైపు చూడకుండా పోతాయి. స్టేషన్‌లో నాతో పాటు, బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ దావీదు ఉంటాడు. రిటైర్మెంటుకు రెండేళ్ళున్న మనిషి, ఏది చెప్పినా ముందు నిట్టూర్చి తర్వాత చేస్తాడు.

నాకొక పిచ్చి ఉంది. డ్యూటీ దిగాక కెమెరా పట్టుకుని గూడ్సు బండ్ల ఫోటోలు తీస్తాను. ఎక్స్‌ప్రెస్ బండి వస్తే పిల్లలు చేతులూపుతారు. గూడ్సు వస్తే గేటు దగ్గర జనం గడియారం చూసుకుని తిట్టుకుంటారు. వాళ్ళ ఇంటి సిమెంటు, వాళ్ళ చౌకదుకాణం బియ్యం, వాళ్ళ కూరలో ఉప్పు అందులోనే వెళ్తున్నా సరే, ఆ బండి మీద ఎవరికీ ప్రేమ లేదు. నాకు ఉంది. ప్లాట్‌ఫారం కొసన నిలబడితే తూర్పున ఒక మలుపు. ఐదేళ్ళుగా ఆ ఒక్క చోటు నుంచే తీశాను. వేపపూత రాలే రోజుల్లో సిమెంటు బండి, తొలకరిలో తడిసి నల్లగా మెరిసే బొగ్గు బండి, మార్గశిరం పొద్దున మంచులోంచి ముందు దీపం, దాని వెనక ఇంజను, దాని వెనక ఏమున్నాయో తెలియని అరవై పెట్టెలు. బండి వెళ్ళిపోయాక పట్టాలు కాసేపు సన్నగా మోగుతాయి. ఆ కాసేపు నేను చాలా సంతోషంగా ఉండేవాణ్ణి. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

ఆ సంతోషం ఆఫీసు కంట పడింది.

డివిజన్‌లో సరుకు రవాణా చూసే పెద్ద ఆఫీసరు నీలకంఠేశ్వర ప్రసాద్ గారు ఏప్రిల్‌లో తనిఖీకి వచ్చారు. రిజిస్టర్లు చూశారు, మంచినీళ్ళ కుండ మూత చూశారు, చివరికి నా గది గోడ మీద అతికించిన ఆరు ఫోటోల దగ్గర ఆగిపోయారు.

"ఇవి ఎవరి ఆదేశం మీద తీశారు?"

"ఎవరి ఆదేశమూ లేదండీ. ఊరికే తీశాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆదేశం లేకుండానే ఇంత బాగా వచ్చాయంటే, ఆదేశంతో తీస్తే ఇంకెంత బాగా వస్తాయో ఆలోచించారా పూర్ణానందం?"

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఆ ఆరింటినీ అప్పుడే చింపి పొయ్యిలో పెట్టేవాణ్ణి.

మూడు వారాల్లో సర్క్యులర్ వచ్చింది. పేరు 'సరుకు రవాణా ఋతు చిత్రీకరణ మహోద్యమం'. "ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, గూడ్సు రైళ్ళు కేవలం సరుకును మాత్రమే గాక, ఋతు వైభవమును సైతం ప్రజలకు చేరవేయవలసియున్నది. కావున ఎంపిక చేయబడిన స్టేషన్లలో ప్రతి గూడ్సు రైలును నిలిపి, ప్రస్తుతం అమలులో ఉన్న ఋతువు స్పష్టముగా కనిపించునట్లు ఫోటో తీసి, డివిజన్ ఆమోదంతో ఋతు ధ్రువపత్రము జారీ చేయవలెను. సదరు ధ్రువపత్రము లేనిదే రైలు కదలరాదు." రైలు ముందు ఒక పలక పట్టుకోవాలి. పలక మీద బండి నంబరు, సరుకు పేరు, ఋతువు, తేదీ రాయాలి. ఎంపిక చేయబడిన స్టేషన్లలో మొదటిది, గౌరవసూచకంగా, రేగులపాడు రోడ్.

అనుబంధంలో ఏ ఋతువుకు ఏం కనబడాలో ఉంది. గ్రీష్మానికి ఎండ, వర్షానికి వానా పచ్చదనమూ, శరత్తుకు తెల్లమబ్బులు, హేమంతానికి మంచు, శిశిరానికి పండుటాకులు, వసంతానికి పూత, వీలైనచో కోయిల.

దీని మీద డివిజన్‌లో శిక్షణ తరగతి పెట్టారు. వెనక వరసలోంచి ఒక ముసలి స్టేషన్ మాస్టరు లేచి, "అయ్యా, కోయిల రాకపోతే?" అని అడిగాడు.

"కోయిల గైర్హాజరుకు సంబంధిత స్టేషన్ మాస్టరే బాధ్యుడు," అన్నారు ప్రసాద్ గారు. ఆయన నవ్వలేదు. మేం కూడా నవ్వకుండా రాసుకున్నాం.

మొదటి రెండు నెలలు గ్రీష్మం. గ్రీష్మం విషయంలో మా జిల్లా ఏ లోటూ రానివ్వదు. బండి ఆగేది, ఇంజను మీద గాలి సెగలై ఆడేది, డ్రైవరు తల తువ్వాలుతో తుడుచుకునేవాడు, దావీదు నిట్టూర్చి పలక పట్టుకునేవాడు. అరగంటలో ధ్రువపత్రం ఫోన్లోనే వచ్చేసేది. మహోద్యమం దిగ్విజయంగా సాగుతున్నదని ప్రసాద్ గారు పైకి రాశారు. ఆగి ఆగి వెళ్తున్న బండ్లు గమ్యాలకు ఆలస్యంగా చేరుతున్నాయని, బండ్ల రాకపోకలు చూసే కంట్రోల్ వాళ్ళు రాసిన కాగితానికి, "ఆలస్యం కాదు, సౌందర్యావకాశం" అని జవాబు వెళ్ళిందట.

జూలై ఇరవై ఐదు ఉదయం ఆరు గంటల నుంచి వర్షఋతువు అమల్లోకి వచ్చింది. ఆ రోజు ఉదయం తొమ్మిదిన్నరకు యూరియా బండి వచ్చింది. నలభై రెండు వ్యాగన్లు, అన్నిటికీ సీళ్ళు. మాకు నలభై కిలోమీటర్ల అవతల కొండ్రపాలెం గూడ్సు షెడ్డులో దించాలి. అక్కడ సొసైటీ ముందు జనం అప్పటికే మూడు రోజుల నుంచి చెప్పులు వరసలో పెట్టి, తాము చెట్ల కింద కూర్చుని ఉన్నారని పేపర్లో ఫోటో పడింది.

ఆకాశంలో గోరంత మబ్బు లేదు. బండిని మెయిన్ లైను పక్కనుండే లూపు లైన్లో ఆపి ఫోటో తీశాను. పలక మీద గుండ్రటి అక్షరాలతో 'సరుకు: యూరియా. ఋతువు: వర్షం' అని నేనే రాశాను. గంటలో జవాబు వచ్చింది. "బండి స్పష్టంగా ఉంది. ఋతువు లేదు. పునఃప్రయత్నించగలరు."

డ్రైవరు, గార్డు డ్యూటీ గంటలు నిండి వెళ్ళిపోయారు. ఇంజనును ఊడదీసి ఇంకో పనికి పంపారు. మర్నాడు దావీదు ప్లాట్‌ఫారం కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, నిచ్చెనెక్కి వాన కురిపించాడు. దానికి జవాబు, "వాన ఒక్క వ్యాగన్ మీదే పడుచున్నది. దీనికి కారణములు తెలుపుతూ వివరణ ఇవ్వగలరు."

వెనకొచ్చే బండ్ల సంగతేమిటని నేను భయపడ్డాను గానీ, ఆఫీసు వాళ్ళు అది ముందే ఆలోచించారు. ఒక బండి పరిశీలనలో ఉండగా మరో బండిని ఫోటో తీయకూడదట. కాబట్టి మిగతా గూడ్సులన్నీ ఏ ఋతువూ అంటకుండా మెయిన్ లైన్లో దర్జాగా వెళ్ళిపోతూ ఉన్నాయి. నియమం పాటించిన బండి ఒక్కటే నిలబడి ఉంది.

మూడో రోజు అంకమ్మ వచ్చింది. మా లూపు లైను పక్కనే, కంచె అవతల, రెండెకరాలు కౌలుకు చేస్తుంది. మొక్కజొన్న వేసింది. భర్త లేడు. మనిషి సన్నగా ఉన్నా గొంతు గార్డు ఈలంత గట్టిది. కంచె అవతల నుంచే కేకేసింది.

"అయ్యా, ఆ పెట్టెల్లో యూరియా అంట గదా?"

"అవునమ్మా."

"మరి ఈడ నిలబడిందేంది? కొండ్రపాలెంలో నా చెప్పులు మూడు రోజుల నుంచి వరసలో ఉండాయి."

"వాన కోసం ఆగింది."

"వాన కోసం మేం గదా ఎదురుచూసేది. బండికెందుకయ్యా వాన?"

నేను సర్క్యులర్ సంగతి చెప్పాను. ఎంత తేలిగ్గా చెప్పినా ఆవిడకి ఎక్కలేదు. చదువు లేకపోవడం వల్ల అనుకున్నాను అప్పుడు.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం వాన వచ్చింది. అలా ఇలా కాదు, కుండపోత. దావీదు పలకతో పరుగెత్తాడు, నేను గొడుగు కింద కెమెరాతో పరుగెత్తాను. ఎన్ని తీసినా ఫోటోలో తెల్లటి తెర తప్ప ఏమీ పడలేదు. అదే పంపాను. "ఋతువు స్పష్టంగా ఉంది. బండి లేదు."

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే అంకమ్మ స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఉంది.

"నేలలో పదునుందయ్యా. ఇప్పుడు పడాల మందు. ఈ పది రోజుల్లో యూరియా పడితే కంకి తిరుగుద్ది, లేకపోతే సొప్పే. ఒక్క రెండు బస్తాలిప్పించు. సొసైటీలో నా పేరు మీద వచ్చేయి అక్కడ కోసేసుకోమను."

"సీలు తియ్యకూడదమ్మా. గమ్యం చేరాక తీస్తారు."

"అయితే పంపియ్యి దాన్ని."

"వాన ఫోటో రావాలి."

"నిన్న వచ్చింది గదా అంత వాన!"

"అది మరీ ఎక్కువొచ్చింది."

అంకమ్మ లేచి చీర దులుపుకుంది. "నీకు ఎంత కావాల్నో అంత పడమని నేను చెప్పలేనయ్యా," అని వెళ్ళిపోయింది. నిజం చెప్తున్నాను, ఆ రోజు అన్నం సయించలేదు. అయినా ఇంజను తెప్పించి సిగ్నల్ నేనివ్వలేదు. నా చేతిలో లివర్ ఉంది, నా నెత్తిన సర్క్యులర్ ఉంది.

ఆగస్టు నెలాఖరుకి దేవుడి దయ వల్ల నాకు కావలసినంత వాన పడింది. సన్నటి జల్లు, వెలుతురుంది, నలభై రెండు వ్యాగన్లూ తడిసి మెరుస్తున్నాయి, పలక మీద అక్షరాలు కూడా చెదరలేదు. నా ఐదేళ్ళ ఫోటోల్లో ఏదీ దాని కాలిగోటికి సరిపోదు. పంపించి, దావీదుకి టీ తెప్పించి, అంకమ్మకి కూడా కబురు పెట్టాను, బండి రేపు కదులుతుందని.

పదకొండు రోజులకు జవాబు వచ్చింది.

"ఫోటో పరిశీలించడమైనది. బండి ఉన్నది. వాన ఉన్నది. అయితే బండి వెనక కనిపించుచున్న పైరు పసుపు వర్ణములో ఉన్నది. అనుబంధము ప్రకారం పసుపు వర్ణము శిశిర లక్షణము. వర్షఋతువుకు పచ్చదనము తప్పనిసరి. ఇది ఋతు సాంకర్యము కిందికి వచ్చును. తిరస్కరించడమైనది."

ఆ పైరు అంకమ్మది. యూరియా లేక పసుపెక్కింది. యూరియా ఆ పైరుకు పదిహేను అడుగుల దూరంలో ఉంది. నేను ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, నాకున్న తెలివంతా వాడి ఒక జవాబు రాశాను. "సదరు పైరు పచ్చబడవలెనన్న యూరియా అవసరము. కావున ఒక వ్యాగన్ సీలు తీసి రెండు బస్తాలు సదరు పైరుకు వేయుటకు అనుమతించినచో, పచ్చదనము వచ్చును, ఫోటో వచ్చును, బండి కదులును."

ఇంత సూటిగా ఆఫీసుకు ఎవరూ రాసి ఉండరు. జవాబు కూడా అంత సూటిగానే వచ్చింది. "గమ్యము చేరనిదే సీలు తీయరాదు. ధ్రువపత్రము లేనిదే గమ్యము చేరరాదు. పచ్చదనము లేనిదే ధ్రువపత్రము లేదు. పచ్చదనము నిమిత్తం వేరుగా సామగ్రి పంపబడుచున్నది."

సామగ్రి మర్నాడు పాసింజర్లో వచ్చింది. నాలుగు డబ్బాల పచ్చరంగు, ఆరు బ్రష్షులు, పట్టాలు బాగుచేసే ముగ్గురు గ్యాంగ్‌మన్‌లు.

వాళ్ళకి ఆ పని ఇష్టం లేదు. నాకూ లేదు. అయినా కంచె తీగ పైకెత్తి లోపలికి పోయి, మొదటి సాలులో మూడు మొక్కలకి రంగేశారు. నాలుగో మొక్క దగ్గర అంకమ్మ వచ్చింది.

"ఏందిరా అది?"

"రంగు, అక్కా. పైనుంచి చెప్పారు."

"నా సేనుకి రంగేస్తారా? ఆకలేసినోడికి మూతికి నెయ్యి రాస్తారా?" అని కొడవలి తీసింది. మనుషుల మీద కాదు. ఆ రంగేసిన మూడు మొక్కల్నీ మొదలంటా నరికి, కంచె మీంచి నా ప్లాట్‌ఫారం మీదకి విసిరేసింది. గ్యాంగ్‌మన్‌లు డబ్బాలు అక్కడే వదిలి వచ్చేశారు. పెద్దవాడు నా దగ్గరికొచ్చి, "మాస్టరు గారూ, మా ఇంట్లో కూడా సేద్యమేనండీ," అన్నాడు. నేను రిపోర్టులో 'స్థానిక కారణముల వలన పని నిలిచినది' అని రాశాను.

సెప్టెంబరు చివర్లో కాగితం వచ్చింది, శరదృతువు అమల్లోకి వచ్చిందని. దాని వెనకే ప్రసాద్ గారు స్వయంగా వచ్చారు. బండి అంతా నడిచి చూశారు. చక్రాల మధ్య గడ్డి మొలిచింది. ఒక వ్యాగన్ మెట్టు మీద పిచ్చుక గూడు కట్టింది. నేను ఆయన వెనక తల దించుకుని నడిచాను, ఛార్జిషీటు ఖాయమనుకుంటూ.

ఆయన ఆగి, చటుక్కున వెనక్కి తిరిగారు. ముఖం వెలిగిపోతోంది.

"పూర్ణానందం! ఈ బండి వర్షఋతువులో వచ్చింది. ఇప్పుడు శరత్తులో కూడా ఉంది. అవునా?"

"అవునండీ. వెళ్ళలేదు కాబట్టి ఉంది."

"అదే నేను చెప్పేది. మన మహోద్యమం లక్ష్యం ఏమిటి? గూడ్సు బండిని అన్ని ఋతువుల్లో చూపించడం. ఇప్పటిదాకా మనం చేసిన పొరపాటేమిటి? ఒక్కో ఋతువుకి ఒక్కో బండి. పరిగెత్తే బండికి ఏ ఋతువు మీదా నిష్ఠ ఉండదు. నిలబడిన బండే ఆరు ఋతువులకీ న్యాయం చేయగలదు. ఒకే బండి, ఆరు ఋతువులు! డివిజన్ మొత్తం మీద ఆ అవకాశం ఉన్నది ఒక్క మీ దగ్గరే."

"మరి యూరియా అండీ..."

"యూరియా ఎక్కడికీ పోదు పూర్ణానందం."

"అదేనండీ బాధ," అన్నాను. ఆయన వినలేదు. వర్షఋతువు ఫోటోకి అక్కడికక్కడే ప్రత్యేక మినహాయింపు కింద సంతకం పెట్టేశారు. ఇక పసుపు అభ్యంతరం కాదు. ఇక బండి వెళ్ళాల్సిన అవసరమే లేదు కాబట్టి.

శరత్తు ఫోటోకి ముందు ఇంకో చిక్కొచ్చింది. బండి అన్నాక ఇంజను కనబడాలి. కాబట్టి ఋతువుకొకసారి ఒక ఇంజను వచ్చి, యూరియా బండి ముందు తగులుకుని, ఫోటో అయ్యాక విడిపోయి వెళ్ళాలని ఏర్పాటు చేశారు. మొదటిసారి ఇంజను వచ్చి తగులుకున్నప్పుడు అంకమ్మ చేలోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఎల్తన్నదా అయ్యా?"

"లేదమ్మా."

"ఇంజన్ వచ్చింది గదా. లాక్కెళ్ళొచ్చు గదా."

"ఆ ఇంజను ఫోటోకి వచ్చిందమ్మా. బండికి కాదు."

ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. వారం తర్వాత మొక్కజొన్న విరిచారు. బొటనవేలంత కంకులు, వాటిలో పళ్ళూడిన నోటిలా అక్కడొకటి ఇక్కడొకటి గింజ. మిగిలిన చొప్ప కూడా మేకలు ముట్టలేదని దావీదు చెప్పాడు.

ఆ తర్వాతంతా చకచకా జరిగిపోయింది. హేమంతంలో మంచు బాగా పట్టింది, మొదటిసారే ఫోటో వచ్చింది. శిశిరానికి పండుటాకులు సరిపోలేదని గ్యాంగ్‌మన్‌ల చేత స్టేషన్ వేపచెట్టు దులిపించారు. ఆ దులపడంతో వసంతానికి పూత రాలేదు. పెళ్ళి మండపాల వాళ్ళ దగ్గర్నుంచి కాగితపు పూలు తెచ్చి కట్టాం. కోయిల కనిపించలేదు. గైర్హాజరు కింద నా సంజాయిషీ పంపాను, అది ఆమోదం పొందింది. ప్రతి ఫోటోలోనూ దావీదు పలక పట్టుకున్నాడు, ప్రతి పలక మీదా 'సరుకు: యూరియా' అని నేను రాశాను. పెట్టెల లోపల యూరియా గడ్డకట్టి రాయైపోయి ఉంటుందని మా ఇద్దరికీ తెలుసు. మలుపు తిరిగి వచ్చే మిగతా గూడ్సుల వంక నేను ఆ ఏడాదంతా చూడలేదు. చూడబుద్ధి కాలేదు. పట్టాలు మోగుతుంటే లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవాణ్ణి.

మే నెలలో గ్రీష్మం ఫోటోతో ఆరూ పూర్తయ్యాయి. పట్నంలో పెద్ద హాలులో ప్రదర్శన పెట్టారు. నిలువెత్తు ఫోటోలు ఆరు, వరసగా. ముఖ్య అతిథి ఎవరో నాకు తెలియదు, మెడలో దండ ఉంది కాబట్టి ఆయనే అనుకున్నాను. శరత్తు ఫోటో ముందు చాలాసేపు నిలబడి, వెనకున్న అంకమ్మ చేను వైపు వేలు చూపించి, "ఆ పసుపు చూడండి! ఎంత సహజంగా ఉంది! ఇలాంటి రంగు మనం వెయ్యమంటే వస్తుందా?" అన్నారు. ప్రసాద్ గారు చేతులు కట్టుకుని, "మా సిబ్బంది కృషి," అన్నారు. వచ్చే ఏడాది నుంచి ప్రతి స్టేషన్లోనూ ఒక బండిని శాశ్వతంగా ఋతువులకు కేటాయించాలని తీర్మానం చేశారు. నాకు ఒక శాలువా, ఒక జ్ఞాపిక ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. సిగ్గులేదు, కాసేపు సంతోషపడ్డాను కూడా.

తిరిగొచ్చిన మర్నాడు అంకమ్మ వచ్చింది.

"మా సేను బొమ్మ పట్నంలో గోడకి కట్టారంట గదా అయ్యా?"

"అవునమ్మా. అందరూ మెచ్చుకున్నారు."

"నాకొకటియ్యి. వ్యవసాయం ఆఫీసులో విత్తనాలిస్తన్నారు. పోయినేడు యూరియా అందక పంట పోయినోళ్ళకి. పంట పోయినట్టు ఫోటో కావాలన్నారు. నేనేడ తీశాను ఫోటోలు? విత్తనాలు రాకపోతే ఈ తొలకరికి సేను బీడే. బీడు పెడితే ఆసామి కౌలు ఇంకోళ్ళకి ఇచ్చేస్తాడు."

నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఏడాది పొడుగునా ఆవిడకి ఏమీ చేయలేకపోయినవాణ్ణి, ఇన్నాళ్ళకి నా కెమెరా ఆవిడకి పనికొస్తోంది. వర్షఋతువుది, శరత్తుది, రెండూ పెద్ద సైజులో కడిగించి, కవర్లో పెట్టి ఇచ్చాను. పైరు పసుపెక్కడం ఒకదాంట్లో, ఎండిపోవడం ఒకదాంట్లో. అంతకంటే సాక్ష్యం ఎవరు చూపించగలరు?

పదిహేను రోజులకి ఆవిడ కాగితం పట్టుకుని వచ్చింది. "ఏం రాశారో సదువయ్యా."

నేను పైకి చదివాను. "దరఖాస్తుదారు జతపరచిన ఫోటోలు పరిశీలించడమైనది. పొలమునకు పదిహేను అడుగుల దూరములో నలభై రెండు వ్యాగన్ల యూరియా అందుబాటులో ఉన్నట్లు, వర్షఋతువు నుండి శరదృతువు వరకు అది అక్కడే ఉన్నట్లు, ఫోటోలోని పలక ద్వారా స్పష్టమగుచున్నది. కావున యూరియా అందక పంట పోయిందనుట అవాస్తవము. తిరస్కరించడమైనది."

అంకమ్మ కంచె అవతల తన చేను వైపు చూసింది, దాని ముందు నిలబడి ఉన్న బండి వైపు చూసింది.

"ఆ పలక మీద రాసిందెవరయ్యా?"

"నేనే."

"బాగా రాశావు. ఆ ఆఫీసులో ఆయన కళ్ళజోడు లేకుండా సదివాడు."

ఆవిడ వెటకారంగా అనలేదు. అందుకే తట్టుకోలేకపోయాను. నా సర్వీసులో నేను ఎన్నో కాగితాల మీద సంతకం పెట్టాను. రాని వానకి, లేని కోయిలకి, కాగితపు పూలకి కూడా పెట్టాను. ఈసారి బల్ల ముందు కూర్చుని, వ్యవసాయం ఆఫీసుకి స్టేషన్ లెటర్‌హెడ్ మీద రాశాను. యూరియా ఉన్న మాట నిజం. సీలు వేసి ఉంది. అంకమ్మ అడిగింది, ఒకసారి కాదు. బండిని ఆపి ఉంచింది, యూరియా ఇవ్వనిది, ఈ స్టేషన్ మాస్టరు పూర్ణానందం. ఆ పంట ఎండింది అందువల్లే. సంతకం పెట్టి, స్టాంపు వేశాను. ఈ కాగితం మా ఆఫీసు దాకా వస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. శాలువా మడిచి బీరువాలో ఉంది, దాన్ని వెనక్కి పంపాల్సి రావచ్చు, ఉద్యోగాన్ని కూడా.

అంకమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి ఫోటో అక్కర్లేదా? ఫోటో లేకుండా ఆళ్ళు ఏదీ తీసుకోరు."

ఆ మాట నిజమే. కెమెరా దావీదు చేతికిచ్చాను. పలక తడిగుడ్డతో తుడిచి, 'సరుకు: యూరియా. ఆపినవాడు: పూర్ణానందం, స్టేషన్ మాస్టరు' అని రాసి, ఋతువు దగ్గర 'అంకమ్మ మొక్కజొన్న ఎండిన ఏడు' అని రాసి, లూపు లైన్లోకి దిగి బండి ముందు నిలబడ్డాను. పలక గుండెల మీద పెట్టుకున్నాను. అన్నేళ్ళు ఫోటోలు తీశాను గానీ కెమెరాకి ఇటువైపు నిలబడడం నాకు అలవాటు లేదు. ముఖం ఎలా పెట్టాలో తెలియలేదు.

దావీదు కెమెరా కంటికి ఆనించుకుని, ఈసారి నిట్టూర్చలేదు.

"నవ్వమాకయ్యా," అని కేకేసింది అంకమ్మ, కంచె దగ్గర నుంచి. "నవ్వితే ఆళ్ళు నమ్మరు."

దావీదు ఫోటో తీశాడు.